ఆకాశమునకు కావలి యెవరు?

2014వ సంవత్సరము జూలై 17వ తేదీన తూర్పు ఉక్రెయిన్ మీదుగా 160 పౌర విమానములు ప్రయాణము చేసినవి. క్రింద యుద్ధము జరుగుచున్న సంగతి ఆ విమానములను నడపిన కంపెనీలలో ఏ ఒక్కదానికిని తెలియనిది కాదు. దినపత్రిక చదువు ప్రతివారికిని అది తెలిసినదే. అయినను యూరపు నుండి ఆసియాకు, ఆసియా నుండి యూరపునకు ప్రయాణికులు భోజనములు చేయుచు, నిద్రించుచు, ఆ యుద్ధరంగము మీదుగా పోవుచునే యుండిరి. ఆ విమానములలో ఒకటి ఆమ్‌స్టర్‌డామ్ నుండి కౌలాలంపూరుకు బయలుదేరిన మలేషియా ఎయిర్‌లైన్స్ వారి బోయింగ్ విమానము. అక్కడి కాలమానము ప్రకారము సాయంకాలము 4 గంటల 20 నిమిషములకు, 33,000 అడుగుల ఎత్తున, నేలమీద నుండి ప్రయోగింపబడిన బుక్ జాతి క్షిపణి దాని ముందు భాగమునకు ఎడమ ప్రక్కన ప్రేలినది. విమానములోని 298 మందిలో ఒక్కరును మిగులలేదు.

క్షిపణిని ఎవరు ప్రయోగించిరి అను ప్రశ్నకు న్యాయస్థానములు సమాధానము చెప్పినవి. 2022 నవంబరులో డచ్చి న్యాయస్థానము ముగ్గురిని వారి పరోక్షమున దోషులుగా నిర్ధారించినది. 2025 జూలైలో యూరపు మానవ హక్కుల న్యాయస్థానము రష్యాను బాధ్యురాలిగా ప్రకటించినది. ఇచ్చట విచారింపదగిన ప్రశ్న వేరు. ఆ విమానము ఆ చోటికి ఏల పోయినది? పోవచ్చునని ఎవరు నిర్ణయించిరి? ఆ నిర్ణయమునకు వారు చూచుకొన్న ఆధారములేవి?

ఈ ప్రశ్నలకు సమాధానము వెదకినవారు డచ్చి దేశపు భద్రతా బోర్డువారు. మృతులలో అత్యధికులు డచ్చివారగుటచే ఆ విచారణ వారి చేతికి వచ్చినది. 2015 అక్టోబరులో వారు ప్రకటించిన నివేదికలో సగభాగము విమానము కూలిన విధమును గూర్చి కాక, మార్గనిర్ణయమును గూర్చి యుండుట గమనింపదగినది. విమాన ప్రమాదముల చరిత్రలో ఇట్టి విచారణ అంతకు పూర్వము జరుగలేదనియే చెప్పవచ్చును.

అందులోని సంగతులు కొన్ని. ఉక్రెయిన్ ప్రభుత్వము 2014 జూన్ 6వ తేదీన తూర్పు ప్రాంతములో 26,000 అడుగులకు దిగువన పౌర విమానములు ఎగురరాదని నిషేధించినది. జూలై 14న ఆ హద్దును 32,000 అడుగులకు పెంచినది. మలేషియా విమానము ఎగిరినది 33,000 అడుగులలో. అనగా నిషిద్ధమైన అంతస్తుకు వేయి అడుగుల పైన. నియమమును బట్టి చూచిన అది ఏ తప్పును చేయలేదు. కూలుటకు సుమారు అరగంట పూర్వము నేలమీది నియంత్రణాధికారులు 35,000 అడుగులకు ఎక్కగలరా అని అడిగిరి. ఎక్కలేమని పైలట్లు ప్రత్యుత్తర మిచ్చిరి. ఎక్కినను ప్రయోజన ముండెడిది కాదు. బుక్ క్షిపణి డెబ్బదివేల అడుగుల ఎత్తునను అందుకొనగలది. దాని ముందు 32,000 అడుగుల హద్దు నీటిమీది గీత వంటిది.

ఆ హద్దు 32,000గానే ఏల యుండవలెను? నిషేధమును తెలుపు ప్రకటనలో కారణము వ్రాయలేదు. ఇట్టి ప్రకటనలను విమానయాన పరిభాషలో నోటాం అందురు. ప్రపంచములోని ప్రతి విమానాశ్రయము, ప్రతి నియంత్రణ కేంద్రము వీనిని తరచుగా వెలువరించుచుండును. ఒక రన్‌వే దీపము వెలుగకపోయినను నోటామే. ఒక దేశములో అంతర్యుద్ధము రగులుచున్నను నోటామే. రెండును ఒకే భాషలో, ఒకే పొడి మాటలలో, ఒకే పొడవున వచ్చును. కారణము చెప్పని ప్రకటనను అందుకొన్న కంపెనీ గుమాస్తా ఏమి చేయును? హద్దుకు పైన మార్గము తెరచియున్నదని గుర్తించి, ఆ మార్గమును గణనలో చేర్చును. తెరచియున్నది గనుక క్షేమమై యుండును అను ఊహ అచ్చటనే పుట్టుచున్నది. ఎవరును దానిని నోటితో పలుకరు. పలికియుండినచో ఎవరైనను ప్రశ్నించియుందురు.

మరి ముప్పు యొక్క ఆనవాలు ముందుగా లేదా అనినచో, ఉన్నది. జూన్ 14న లుహాన్‌స్క్ వద్ద ఒక సైనిక రవాణా విమానము కూల్చబడి 49 మంది మరణించిరి. అది దిగుచున్న విమానము; భుజముపై నుంచి పేల్చు చిన్న ఆయుధములకును అందునదే. జూలై 14న కూలిన ఆంతొనోవ్ రవాణా విమానము కథ వేరు. అది ఆరువేల అయిదువందల మీటర్ల ఎత్తున ఎగురుచుండగా కూలినదని ఉక్రెయిన్ అధికారులే చెప్పిరి. భుజముపై ఆయుధము అంత ఎత్తునకు పోజాలదు. అనగా పోరాడుచున్నవారి చేతికి అంతకంటె బలమైన సాధనము వచ్చినదన్నమాట. ఆ దినముననే కీవ్ నగరములో పాశ్చాత్య దేశముల దౌత్యాధికారులకు ఈ సంగతి తెలుపబడినది కూడ. వారు దానిని విని యుద్ధము తీవ్రమగుచున్నదని తమ ప్రభుత్వములకు వ్రాసిరి. తమ దేశపు విమానములు ఆ పైననే పోవుచున్నవన్న తలపు ఎవరికిని తట్టినట్లు కనబడదు. విదేశాంగ శాఖకు విమానయాన శాఖ పొరుగు గదిలోనే యుండవచ్చును. కాని ఒక గదిలోని వార్త ఇంకొక గదికి పోవుటకు మూడు దినములు చాలలేదు.

ఇందులో మొదటి పూచీ ఎవరిది? చట్టము ప్రకారము స్పష్టముగా ఆ దేశమునదే. 1944 డిసెంబరులో షికాగో నగరమున కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక మొదటి అధికరణము, ప్రతి రాజ్యమునకును తన భూభాగముపైని ఆకాశమునందు సంపూర్ణమైన సార్వభౌమాధికారము కలదని చెప్పుచున్నది. తొమ్మిదవ అధికరణము ఆ ఆకాశమును మూయుటకును, పరిమితము చేయుటకును అధికారమిచ్చుచున్నది. మూయవలసిన సమయమున మూయనిచో ఏమి చేయవలెనో ఆ ఒడంబడిక చెప్పలేదు. ఉక్రెయినుకు తన తూర్పు ఆకాశమును మూయుటకు తగిన కారణము ఉండెనని డచ్చి బోర్డు తీర్మానించినది. అయితే బోర్డు అంతటితో నిలువక ఇతర యుద్ధములను కూడ పరిశీలించినది. యుద్ధములో చిక్కుకొన్న రాజ్యములు తమంతట తాము ఆకాశమును మూయుట బహు అరుదు అని తేలినది.

దీనికి కారణములు ఊహింపరానివి కావు. తన ఆకాశము మీదుగా పోవు ప్రతి విమానము ఆ దేశమునకు రుసుము చెల్లించును. మూసిన దినమున ఆ ఆదాయము పోవును. కాని సొమ్ము ఒక్కటే కారణమనుట సబబు కాదు. ఆకాశమును మూయుట యనగా, ఈ భూమి మీద మా అధికారము చెల్లుటలేదని లోకమునకు చాటుట. తిరుగుబాటుదారులతో పోరాడుచున్న ప్రభుత్వము ఆ మాటను తన నోట తాను అనుటకు ఇష్టపడదు. ఇంటిలో కలహము జరుగుచుండగా వీధి తలుపు మూసికొని, చుట్టములను రావద్దనుట గృహస్థునకు ఎట్లుండునో ఇదియు అట్లే. సత్యము చెప్పుటకు ఎవరు అత్యంత సంకోచింతురో, సత్యము చెప్పవలసిన పూచీ వారి మీదనే పెట్టబడినది. ఈ ఏర్పాటులోని లోపమంతయు ఇచ్చటనే యున్నది.

ఇక కంపెనీల సంగతి. జూలై 14 మొదలు 17 వరకు ఆ ప్రాంతము మీదుగా 32 దేశములకు చెందిన 61 విమాన కంపెనీలు తమ విమానములను నడపినవి. మలేషియా విమానము కూలిన సమయమున అదే నియంత్రణ మండలములో మరి మూడు విమానములుండెను; వానిలో ఒకటి ఎయిర్ ఇండియాది, మరియొకటి సింగపూరు వారిది. పేరుపొందిన కంపెనీలన్నియు పోవుచున్నవి గనుక మనమును పోవచ్చునని ప్రతి కంపెనీయు తలచియుండవచ్చును. గుంపులో గోవిందా అనుటకు ఇంతకంటె తగిన తార్కాణము దొరకదు. ఒకడు ముందు పరీక్షించి అడుగు వేయుచున్నాడని వెనుకవాడు నమ్మును. వెనుక ఇంతమంది వచ్చుచున్నారు గనుక దారి మంచిదే యని ముందువాడు నమ్మును. పరీక్షించినవాడు మాత్రము ఎవడును లేడు.

ఎవడును అనుట పూర్తిగా న్యాయము కాదు. కొరియా దేశపు రెండు కంపెనీలు, కొరియన్ ఎయిర్, ఏషియానా, ఆ సంవత్సరము మార్చి నెలనుండియే ఉక్రెయిన్ మీదుగా పోవుట మానుకొన్నవి. ఇంధనము అధికముగా ఖర్చగునని తెలిసియే మానినవి. 1983 సెప్టెంబరు 1న కొరియా విమానమొకటి దారితప్పి సోవియట్ ఆకాశములో ప్రవేశించి, యుద్ధ విమానముచే కూల్చబడి 269 మంది మరణించిన సంగతి ఆ దేశము మరచునది కాదు. ఆ జ్ఞాపకమే వారిని జాగ్రత్తపరచినదని రుజువు చేయజాలము గాని, అట్టి జ్ఞాపకము గలవారు ఇతరుల కంటె ముందుగా ప్రక్కకు తొలగుట ఆశ్చర్యము కలిగింపదు.

ఒక మార్గము మంచిదా కాదా యని కంపెనీలో నిర్ణయించు పద్ధతిని తెలిసికొన్నచో ఈ విషయము ఇంకను స్పష్టమగును. విమాన మార్గమును ఈ కాలమున గణనయంత్రము నిర్ణయించును. పైగాలుల వేగము, విమానము బరువు, ఇంధనము ధర, దాటవలసిన దేశముల రుసుములు, వీనినన్నిటిని లెక్కించి అతి చవుకయైన దారిని అది చూపును. భద్రతా శాఖవారు ఏదైన ఒక ప్రాంతమును నిషేధించిననే ఆ యంత్రము దానిని వదలిపెట్టును. లేకున్న దానికి సిరియా, స్విట్జర్లాండు ఒకటే. కనుక ప్రమాదకరమైన ఆకాశములోనికి పోవుటకు ఎవరును పనిగట్టుకొని నిర్ణయము చేయనక్కరలేదు. పోకుండుటకే నిర్ణయము కావలెను. ఆ నిర్ణయము చేయు అధికారి, ఏమియు జరుగనిచో, ఖర్చు పెంచినవాడుగా మిగులును. అతడు తప్పించిన విపత్తు జరుగలేదు గనుక దానికి లెక్క యుండదు. అతడు కాల్చిన ఇంధనమునకు మాత్రము లెక్క యుండును.

ఈ భద్రతా శాఖకు సమాచారము వచ్చు త్రోవలు కొన్నియే. తమ ప్రభుత్వము పంపు హెచ్చరికలు, ఇతర ప్రభుత్వములు తమ తమ కంపెనీలకు పంపు హెచ్చరికలు, సొమ్ము తీసికొని వార్తలు సేకరించు ప్రైవేటు సంస్థలు, తోటి కంపెనీల అధికారులతో మాటామంతి, తుదకు వార్తాపత్రికలు. గొప్ప దేశములకు గూఢచారులు, ఉపగ్రహములు కలవు. ఆ దేశముల కంపెనీలకు అందులో కొంత అందును. చిన్న దేశముల కంపెనీలకు వార్తాపత్రికలే దిక్కు. ఒకే మార్గములో పోవు రెండు విమానములలో ఒకదాని యజమానికి క్రింద నున్న ఆయుధము పేరు తెలిసియుండుట, రెండవదాని యజమానికి తెలియకుండుట సంభవమే.

తెలిసిన ప్రభుత్వము తన సొంత కంపెనీకైనను చెప్పునా అనునదియు సందేహమే. 1990 ఆగస్టు 2వ తేదీ తెల్లవారుజామున లండన్ నుండి మద్రాసు మీదుగా కౌలాలంపూరు పోవు బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానము మధ్యలో కువైట్ నగరమున దిగినది. అప్పటికే ఇరాకు సైన్యము సరిహద్దు దాటినది. 350కి పైగా నున్న ప్రయాణికులు, సిబ్బంది ఇరాకు చేతికి చిక్కిరి. వారిలో పలువురు నెలల తరబడి బందీలుగా నుంచబడిరి. దురాక్రమణ ఆరంభమైన సంగతిని కువైట్‌లోని బ్రిటిష్ రాయబారి ఆ రాత్రియే లండనుకు తెలిపెననియు, విమాన కంపెనీకి మాత్రము ఆ వార్త అందింపబడలేదనియు బ్రిటిష్ ప్రభుత్వము బహిరంగముగా ఒప్పుకొన్నది 2021 నవంబరులో. ముప్పదియొక్క సంవత్సరములు పట్టినది.

2014 విపత్తు తరువాత పాఠము నేర్చుకొనలేదని కాదు. కమిటీలు కూడినవి, మార్గదర్శక గ్రంథములు వెలువడినవి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2015లో యుద్ధప్రాంతముల హెచ్చరికలన్నిటిని ఒకచోట చేర్చి ప్రకటించు ఏర్పాటొకటి చేసినది. హెచ్చరికను ప్రకటించుటకు ముందు, అందు పేర్కొనబడిన రాజ్యమునకు దానిని చూపి అభిప్రాయము తీసికొనవలెనని నియమము పెట్టిరి. దొంగను గూర్చిన ఫిర్యాదును దొంగకు చూపుట అనుట కటువుగా నుండును గాని, ఆ ఏర్పాటు కొలదికాలములోనే మూలబడుటకు ఇట్టి మొగమాటమే కొంత కారణమై యుండవలెను.

నేర్చిన పాఠము ఎంతవరకు నిలిచినదో 2020 జనవరి 8వ తేదీ ఉదయము తెలిసినది. ఆ రాత్రి ఇరాను సైన్యము ఇరాకులోని అమెరికా స్థావరములపై క్షిపణులను ప్రయోగించినది. అమెరికా ప్రతీకారము చేయునని ఎదురుచూచుచు ఇరాను వాయురక్షణ దళములు వ్రేలు మీటమీద నుంచుకొని కూర్చుండెను. టెహరాన్ విమానాశ్రయము మాత్రము తెరచియే యున్నది. అమెరికా ప్రభుత్వము ఇరాను, ఇరాకు ఆకాశములలోనికి పోరాదని తన దేశపు విమానములకు ఆజ్ఞ జారీచేసినది. అది అమెరికా వారికే వర్తించునది. అయినను లోకమంతయు చదువగలిగినదే. ఆ ఆజ్ఞ వెలువడిన రెండున్నర గంటలకు, స్థానిక కాలము 6 గంటల 12 నిమిషములకు, ఉక్రెయిన్ కంపెనీ విమానమొకటి టెహరాన్ నుండి కీవ్‌కు లేచినది. లేచిన కొలది నిమిషములలోనే ఇరాను వాయురక్షణ దళము దానిపై రెండు క్షిపణులు ప్రయోగించినది. 176 మంది మరణించిరి. వారిలో 138 మంది కెనడాకు పోవలసినవారు. సెలవులు గడపి తరగతులకు తిరిగిపోవుచున్న విశ్వవిద్యాలయ విద్యార్థులు, అధ్యాపకులు వారిలో ఎందరో యుండిరి. యంత్రదోషమని మూడు దినములు బుకాయించి, 11వ తేదీన ఇరాను నిజము ఒప్పుకొన్నది.

2014లో ఆకాశము తెరచినది ఉక్రెయిన్ ప్రభుత్వము. నష్టపడినది మలేషియా కంపెనీ. 2020లో ఆకాశము తెరచినది ఇరాను ప్రభుత్వము. నష్టపడినది ఉక్రెయిన్ కంపెనీ. ఈ దుర్ఘటన యొక్క బాధను స్వయముగా ఎరిగిన దేశపు విమానమే అయిదున్నర సంవత్సరముల తరువాత అదే ఊహతో లేచిపోవుట విచారకరము. విమానాశ్రయము తెరచియున్నది, ఇతరులు పోవుచున్నారు, సొంత ప్రభుత్వము వద్దనలేదు.

ఈ ఊహ చెల్లదని ఒక న్యాయస్థానము చెప్పినది. 2024 జూన్‌లో కెనడా దేశపు ఒంటారియో రాష్ట్ర న్యాయస్థానము, ఆ ఉదయము టెహరాన్ నుండి బయలుదేరుటలోని ప్రమాదమును తగిన విధముగా విచారించితినని ఉక్రెయిన్ కంపెనీ నిరూపింపజాలకపోయినదని తీర్పు ఇచ్చినది. క్షిపణిని ప్రయోగించినవారు వేరైనను, కంపెనీ మృతుల కుటుంబములకు పూర్తి నష్టపరిహారము చెల్లింపవలసి వచ్చినది. ఆకాశము తెరచియున్నదనుట కంపెనీకి సాకు కాజాలదని ఈ తీర్పు యొక్క భావము. కంపెనీల యజమానులు నివేదికల కంటె ఇట్టి తీర్పులను శ్రద్ధగా చదువుదురు.

శ్రద్ధ వహించిన కంపెనీ చేయవలసిన విచారణ ఎట్టిది? పూర్వము వారు అడిగెడి ప్రశ్న, పౌర విమానమును కూల్చవలెనను ఉద్దేశము ఎవరికైన కలదా అని. అట్టి ఉద్దేశము సాధారణముగా ఎవరికిని ఉండదు; కనుక ప్రమాదము లేదని తేల్చెడివారు. పైన చెప్పిన 2014, 2020 విపత్తులలో ప్రయాణికుల విమానమని ఎరిగి కూల్చితిమని చెప్పినవారు ఒక్కరును లేరు. 1988 జూలై 3న పారసీక సింధుశాఖపై అమెరికా యుద్ధనౌక ఇరాను విమానమును కూల్చి 290 మంది మృతికి కారణమైనప్పుడును అది శత్రువుల యుద్ధ విమానమని పొరబడితిమనియే చెప్పిరి. కనుక నేడు అడుగదగిన ప్రశ్నలు వేరు. ఆ ఎత్తును అందుకొనగల ఆయుధము క్రింద ఉన్నదా? అది శిక్షణ పొందిన సేన చేతిలో ఉన్నదా, నిన్న మొన్న సంపాదించినవారి చేతిలో ఉన్నదా? పౌర నియంత్రణాధికారికిని ఆ సేనకును నడుమ టెలిఫోను ఉన్నదా? ఆ సేన ఈ రాత్రి దాడికి ఎదురుచూచుచున్నదా? చివరి ప్రశ్నయే అన్నిటికంటె ముఖ్యము. భయపడిన సేన యెదుట రాడారు తెరమీద ప్రతి చుక్కయు శత్రువే.

2024 డిసెంబరు 25న అజర్‌బైజాన్ విమానమొకటి బాకూ నుండి గ్రోజ్నీకి పోయినది. ఆ ప్రాంతమున ఉక్రెయిన్ డ్రోనులను రష్యా వాయురక్షణ దళములు ఎదుర్కొనుచుండెను. దిగబోవుచున్న విమానము దెబ్బతిని, కాస్పియన్ సముద్రము దాటి, కజకిస్థాన్‌లోని అక్తావు సమీపమున కూలినది. 67 మందిలో 38 మంది మరణించిరి. రష్యా క్షిపణులే దాని సమీపమున ప్రేలినవని ఆ దేశాధ్యక్షుడు పుతిన్ 2025 అక్టోబరులో చెప్పెను. గ్రోజ్నీ విమానాశ్రయము ఆ ఉదయము తెరచియే యున్నదని వేరుగ చెప్పనక్కరలేదు.

చుట్టు త్రిప్పి పోయినచో క్షేమము కాదా అని విద్యార్థులు అడుగవచ్చును. చుట్టు త్రిప్పుటకు వెల ఎంతో మన దేశమునకు అనుభవములోనిదే. 2019 ఫిబ్రవరి 27న పాకిస్తాన్ తన ఆకాశమును మూసినది. జూలై 16 వరకు పూర్తిగా తెరువలేదు. ఢిల్లీ నుండి యూరపునకు, అమెరికాకు పోవు విమానములు దక్షిణముగా అరేబియా సముద్రము మీదుగా పోవలసి వచ్చినవి. ఇంధనము చాలక మధ్యలో ఆగవలసి వచ్చినది. అమెరికా విమానములు కొన్ని వియన్నాలో దిగి నింపుకొని పోయినవి. ఢిల్లీ నుండి ఇస్తాంబుల్‌కు నేరుగా పోవలసిన ఇండిగో విమానము దోహాలో ఆగినది. జూలై 2 నాటికి ఎయిర్ ఇండియా ఒక్కదానికే 491 కోట్ల రూపాయల నష్టము వచ్చినదని ప్రభుత్వము రాజ్యసభకు తెలిపినది. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ భారత విమానములకు మరల దారి మూసినది. ఆ నిషేధమును నెల నెలా పొడిగించుచు వచ్చిరి. అయితే మూసిన ఆకాశము విషయములో కంపెనీకి మథన లేదు. నష్టము ఎంతయైనను ఆజ్ఞ ఆజ్ఞయే. మథన యంతయు తెరచిన ఆకాశము విషయములోనే.

వేరొక చిక్కును గూడ గమనింపవలెను. 2022 ఫిబ్రవరి తరువాత రష్యా తన ఆకాశమును యూరపు కంపెనీలకు మూసినది. హెల్సింకీ నుండి టోక్యోకు తొమ్మిదిన్నర గంటలలో పోవుచుండిన ఫిన్లాండు విమానము ఉత్తరధ్రువము మీదుగా పదమూడు గంటలు పోవలసి వచ్చినది. ఎయిర్ ఇండియాకు ఆ నిషేధము లేదు. అమెరికా పశ్చిమ తీరమునకు అది రష్యా మీదుగానే పోయినది. ఇది వ్యాపారమునకు మంచి లాభమే. కాని 2023 జూన్ 6న ఢిల్లీ నుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు పోవుచున్న విమానమొకటి ఇంజనులో లోపము కలిగి, రష్యా తూర్పు కొననున్న మగదాన్ అను చిన్న పట్టణములో దిగినది. 216 మంది ప్రయాణికులకు చాలు హోటళ్లు అచ్చట లేవు. కొందరు పాఠశాలలో నేలమీద పరుపులు పరచుకొని పండుకొనిరి. ప్రయాణికులలో అమెరికా పౌరులుండుటచే ఆ ప్రభుత్వము కలవరపడినది. ఎవరికిని అపాయము కలుగలేదు. మరియొక విమానము వచ్చి తీసికొనిపోయినది. అయినను ఒక మార్గము క్షేమమగునా కాదా అని చూచునప్పుడు పైన నుండు క్షేమమే కాక, దిగవలసి వచ్చిన దిగుటకు తగిన చోటున్నదా అనియు చూడవలెనని ఆ రాత్రి తెలిపినది.

యుద్ధమునకు భయపడి మార్గమును మార్పించు శక్తి గలవారిలో భీమా కంపెనీలవారు ఒకరు. యుద్ధ నష్టమునకు విమానములు వేరుగ భీమా చేయింపవలెను. సాధారణముగా ఏడు దినముల నోటీసుతో ఆ భీమాను రద్దుచేయుటకు భీమాదారులకు హక్కు కలదు. 2001 సెప్టెంబరు 11 తరువాత వారు ఆ హక్కును వినియోగించినప్పుడు పలు ప్రభుత్వములే పూచీపడి విమానములను ఎగురనిచ్చినవి. భీమా లేనిదే విమానము లేవదు. ఒక్కొక్కప్పుడు రాయబారి చెప్పజాలని మాటను భీమా గుమాస్తా చెప్పగలడు.

తెలుగువారికి ఈ విషయము దూరపుది కాదు. హైదరాబాదు శంషాబాదు నుండి దుబాయికి, దోహాకు, అబుదాబికి నిత్యము విమానములు పోవును. గల్ఫు దేశములలో పనిచేయు కరీంనగరు, నిజామాబాదు, కడప జిల్లాల కూలీలు, అమెరికాలో చదువు విద్యార్థులు, మనుమలను చూడబోవు తల్లిదండ్రులు, అందరును ఆ దారినే పోవుదురు. 2025 జూన్ 13న ఇజ్రాయేలు ఇరానుపై దాడి చేయగానే ఇరాను, ఇరాకు, జోర్డాను దేశముల ఆకాశములు మూతపడినవి. పలు ఎయిర్ ఇండియా విమానములు సగము దారినుండి మరలినవి, లేక వేరొక చోట దిగినవి. జూన్ 23 సాయంకాలము ఖతారు తన ఆకాశమును మూసినది. కొంతసేపటికి అచ్చటి అమెరికా స్థావరముపై ఇరాను క్షిపణులు వచ్చినవి. ముందుగా మూసినది గనుక ప్రయాణికులకు విసుగు తప్ప మరేమియు కలుగలేదు. దోహాలో రాత్రియంతయు నేలపై కూర్చున్నవారు ఆ ప్రభుత్వమును తిట్టుకొనియుందురు. ఉక్రెయిన్, ఇరాను ప్రభుత్వములు చేయజాలని పనిని ఖతారు చేసినది.

2019లో డచ్చి బోర్డువారు తమ సిఫారసులు ఎంతవరకు అమలు జరిగినవో మరల విచారించిరి. కంపెనీలు మునుపటికంటె జాగ్రత్త వహించుచున్నవనియు, పరస్పరము వార్తలు చెప్పుకొనుచున్నవనియు, యుద్ధములోనున్న రాజ్యములు తమ ఆకాశమును నిర్వహించు తీరులో మాత్రము చెప్పుకొనదగిన మార్పు లేదనియు వ్రాసిరి. వారి మొదటి నివేదికలోని సిఫారసులలో ఒకటి ప్రయాణికులకు సంబంధించినది: ప్రతి విమాన కంపెనీయు తాను ఎంచుకొన్న మార్గములను గూర్చి సంవత్సరమునకు ఒక్కసారియైనను బహిరంగముగా సమాధానము చెప్పుకొనవలెనని. నేటికిని విమాన టిక్కెట్టుపై బయలుదేరు వేళ, చేరు వేళ, మోయదగిన సామాను బరువు, ఇవన్నియు ముద్రింపబడియుండును. ఏ ఏ దేశముల మీదుగా పోవునో అందులో ఉండదు.